అల్లా పుగచోవా రోజులు

సోవియట్ కాలంలో పెరిగిన రష్యన్లలో చాలామందికి తెలిసిన జోకు ఒకటుంది. ఎప్పుడో రాబోయే కాలంలో ఓ కుర్రాడు ఎన్‌సైక్లోపీడియా తెరిచి సోవియట్ దేశాన్నేలిన బ్రెజ్నెవ్ ఎవరని వెతుకుతాడట. అందులో ఇలా ఉంటుందట: "అల్లా పుగచోవా కాలంలో ఉండిన ఓ చిన్నపాటి రాజకీయ నాయకుడు." నేను దీన్ని మొదట విన్నది మాస్కోలో, మా హాస్టల్ వంటగదిలో, బ్రెజ్నెవ్ పోయిన కొత్తల్లో. చెప్పినవాడు ముందు వెళ్లి తలుపు వేసొచ్చి మరీ చెప్పాడు. అప్పటికి నా రష్యన్ అంతంతమాత్రం. అందరూ నవ్వాక నేనూ నవ్వాను. తర్వాత మా గుంటూరు అన్న గదికొచ్చి తెలుగులో విడమరిచి చెప్పాడు. "ఒరే తమ్ముడూ, బ్రెజ్నెవ్ అంటే తెలుసుగా. ఆ రెండో ఆవిడ ఇక్కడి పెద్ద గాయని, ముందు ఆవిడెవరో తెలుసుకో, ఈ దేశంలో బతకాలంటే."

నేను లుముంబా యూనివర్సిటీలో చేరింది 1982లో. మా ఇంట్లో సోవియట్ దేశమంటే 'సోవియట్ భూమి' పత్రికే. నాన్న చదివి పక్కన పెట్టాక ఆ నున్నటి కాగితాలు మా పుస్తకాలకి అట్టలయ్యేవి. లెక్కల పుస్తకం మీద ట్రాక్టరు నడిపే అమ్మాయి, సోషల్ మీద కాస్మోనాట్. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను ఊళ్లోకొస్తే కొనుక్కున్న బొమ్మల కథలు సరేసరి. వాటన్నిట్లో నేను చూసిన కళాకారులంటే బల్షోయ్ నర్తకులు, జానపద బృందాల వాళ్లు. గాలికి రేగినట్టున్న ఎర్రజుట్టుతో, వదులుగా వేలాడే గౌనులో, మైకు పట్టుకుని జనాన్ని దబాయిస్తున్నట్టు పాడే ఆడమనిషి ఒకామె అక్కడ ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఆ నవంబరు 10న బ్రెజ్నెవ్ పోయారు. బయటికి చెప్పింది మర్నాడు. 10వ తేదీ రాత్రి టీవీలో పోలీసు దినోత్సవం కచేరీ రావాలి. రాలేదు. ఆ తర్వాత ఎప్పుడు పెట్టినా వాయిద్య సంగీతమే. కొత్త దేశం, కొత్త చలి, పైన ఈ విషాద సంగీతం. అందుకే అనుకుంటాను, కొత్త సంవత్సరం సెలవుల్లో సర్కస్‌లో తీసిన ఓ వినోద కార్యక్రమం టీవీలో వస్తుంటే హాస్టల్ మొత్తం టీవీ గదిలోనే ఉంది. ఆ కార్యక్రమాన్ని ఇంద్రజాలికుడు ఈగర్ కియో, అల్లా పుగచోవా కలిసి నడిపించారు. మధ్యలో ఆవిడ ట్రపీజు ఊయల మీద కూర్చుని సర్కస్ పైకప్పు వైపు లేస్తూ ఓ పాట ఎత్తుకుంది. మా గుమ్మం దగ్గర కూర్చుని వచ్చేపోయే వాళ్లని కనిపెట్టే పెద్దావిడ, అంటే మా దెజూర్నయా, చేతిలో అల్లిక పక్కన పడేసి బుగ్గలు పట్టుకుంది.

"పాట బావుందా బాబూష్కా?" అని అడిగాడు మావాడొకడు.

"పాట సంగతి తర్వాత. కింద వల ఉందంటావా?"

ఆ పాటే 'మిలియన్ ఆలిఖ్ రోజ్', పది లక్షల ఎర్ర గులాబీలు. ఇప్పుడు రష్యన్ పాట ఒక్కటే తెలిసిన విదేశీయుడెవరైనా ఉంటే, అతనికి తెలిసింది 'కత్యూషా' కాకపోతే ఇదే. బాణీ రీగాకి చెందిన రైమండ్స్ పౌల్స్‌ది. అదే బాణీని అంతకుముందే, 1981లో, ఆయ్యా కుకులే లాత్వియన్‌లో పాడింది. ఆ లాత్వియన్ పాటలో గులాబీల్లేవు. మారా దేవత ఆడపిల్లకి ప్రాణమిచ్చింది గానీ సుఖం ఇవ్వడం మర్చిపోయిందని అమ్మ పాడుకునే పాట అది. రష్యన్‌లోకి వచ్చేసరికి కవి అంద్రేయ్ వజ్నిసేన్‌స్కీ కథ మొత్తం మార్చేశాడు. ఓ పేద చిత్రకారుడు ఊళ్లోకొచ్చిన నటి మీద మనసుపడి, ఇల్లూ బొమ్మలూ అమ్మేసి, ఆమె కిటికీ కింద మైదానమంతా గులాబీలు పరిపిస్తాడు. ఆమె రాత్రి బండికి వెళ్లిపోతుంది. జార్జియా చిత్రకారుడు నీకో పిరస్మానీ గురించి చెప్పుకునే కథ ఇది. పుగచోవాకి మొదట్లో ఈ పాట అస్సలు నచ్చలేదట, పాడనని పేచీ పెట్టిందట. తర్వాత జపాన్‌లో కతో తొకికో జపనీస్‌లో పాడితే అక్కడివాళ్లూ సొంతం చేసుకున్నారు.

నాకు ఆ రాత్రి మాటలు సగం కూడా అర్థం కాలేదు. గొంతు మాత్రం అర్థమైంది. గులాబీలు పరిచేటప్పుడు పండగ చేసుకుంటున్న గొంతు, రైలు వెళ్లిపోయే చోటికొచ్చేసరికి ఏదో పక్కింటివాళ్ల కబురు చెప్తున్నట్టు మామూలైపోయింది.

అసలు షాకు తగిలింది ఆ తర్వాత, క్లాసులో. ప్రిపరేటరీ ఫ్యాకల్టీలో మాకు రష్యన్ నేర్పే మేడమ్ ఓ రోజు టేప్‌రికార్డర్ తెచ్చి త్స్వెతాయెవా కవితకి కట్టిన పాట వినిపించారు. గిటారు మీద, ఎక్కడా గొంతెత్తకుండా, చల్లటి నీళ్లలా సాగే పాట. "మీ బెంగ నా వల్ల కాదు, నా బెంగ మీ వల్ల కాదు, అదే నాకు నచ్చింది" అనే అర్థం. వ్యాకరణం పాఠం అయ్యాక మేడమ్ అడిగారు: "పాడిందెవరో చెప్పగలరా?" ఎవరికీ తెలీలేదు. "సర్కస్‌లో ఊయలెక్కిందే, ఆవిడే." మేం నమ్మలేదు. మేడమ్‌కి ఆవిడంటే పెద్దగా గౌరవం ఉన్నట్టు లేదు. "ఇంత బాగా పాడగలిగిన మనిషి మిగతావన్నీ ఎందుకు పాడుతుందో!" అన్నారు.

ఆ పాట ఎల్దార్ రిజానొవ్ తీసిన 'ఇరోనియా సుద్బీ' సినిమాలోది. 1976 జనవరి 1న టీవీలో మొదటిసారి వచ్చింది, ఇప్పటికీ ఏటా కొత్త సంవత్సరానికి వేస్తూనే ఉంటారు. సంగీతం తరివెర్దియెవ్. మనకి నేపథ్య గానం కొత్త కాదు గనక ఇది బాగా అర్థమవుతుంది. కథానాయిక నాద్యాకి ముఖం పోలండ్ నటి బార్బరా బ్రిల్‌స్కాది, మాటలు వలంతీనా తలీజినావి, పాటలు పుగచోవావి. ముగ్గురు ఆడవాళ్లు కలిస్తే ఒక నాద్యా. చూస్తున్నవాళ్లకి ఎక్కడా అతుకు కనబడదు. లెనిన్‌గ్రాద్‌లో స్కూలు టీచరు, ముప్ఫై దాటిన ఒంటరి మనిషి ఎలా పాడుకుంటుందో పుగచోవా అలాగే పాడింది. తన గొంతులోని గరుకంతా దాచేసుకుంది. అప్పటికామెకి ఇరవయ్యారేళ్లు.

ఆవిడ పుట్టింది 1949 ఏప్రిల్ 15న, మాస్కోలోనే. ఇప్పోలీతొవ్-ఇవానొవ్ సంగీత కళాశాలలో చదివింది బృందగానం నడిపించే విద్య. పదహారేళ్లకే, 1965లో, రేడియోలో 'రోబో' అనే పాట పాడింది. తర్వాత 'యూనొస్త్' రేడియో బృందంతో ఉత్తరాన త్యూమెన్ వైపు తిరిగి, చమురు బావుల దగ్గర పనిచేసేవాళ్ల ముందు పాడింది. ఇవన్నీ ఎవరి జీవిత చరిత్రలోనైనా ఉండేవే. నాకు ఆసక్తి కలిగించింది ఇంకో ఉద్యోగం: సర్కస్ కళాశాలలో పియానో వాయించే పని. పిల్లలు గారడీలు, కోతికొమ్మచ్చులు సాధన చేస్తుంటే పక్కన కూర్చుని తాళం తప్పకుండా వాయించాలి. అక్కడే లిథువేనియాకి చెందిన మికోలస్ ఆర్బకాస్‌ని పెళ్లాడింది. 1971లో కూతురు క్రిస్తీనా పుట్టింది. ఆ పిల్ల తర్వాత పన్నెండేళ్లకే రోలాన్ బీకొవ్ తీసిన 'చూచెల' సినిమాలో, తోటిపిల్లలంతా వెలివేసిన అమ్మాయిగా నటించి దేశాన్ని ఏడిపించింది. నటన విషయంలో తల్లిని మించిందని మా హాస్టల్లో పెద్ద వాదనే నడిచేది.

సర్కస్ పిల్లల పక్కన అన్ని గంటలు కూర్చున్న మనిషి కాబట్టే 'అర్లెకీనో' పాడగలిగిందని నా అనుమానం. రుజువేమీ లేదు, చూస్తే మీకూ అలాగే అనిపిస్తుంది. 1974లో అఖిల సోవియట్ పోటీలో ఆవిడకొచ్చింది మూడో బహుమతి. మరుసటి ఏడాది బల్గేరియాలో నల్లసముద్రం ఒడ్డున 'గోల్డెన్ ఆర్ఫియస్' పోటీకి పంపారు. పాట బల్గేరియా వాడైన ఎమిల్ దిమిత్రొవ్‌దే. బరీస్ బర్కాస్ రష్యన్ మాటలు రాస్తే, 'వెస్యోలియె రెబ్యాత' బృందం నడిపే పావెల్ స్లబోద్కిన్ దాన్ని వాయిద్యాలకి కూర్చాడు. సర్కస్‌లలో వాయించే ఫూచిక్ మార్చ్ ముక్క కూడా మధ్యలో దూర్చాడు. జోకరు పాట అది. నన్ను చూసి అందరూ నవ్వాలి, అదే నా పని, హామ్లెట్ వేషం మాత్రం ఎన్నేళ్లుగానో నాకోసం నేనే వేసుకుంటున్నా అంటాడు.

ఆ పాత టీవీ ముక్క ఇప్పటికీ దొరుకుతుంది. చేతులు చూడండి. మోచేతుల దగ్గర ఎవరో దారాలు కట్టి లాగుతున్నట్టు కదులుతాయి, దారం తెగినట్టు ఠక్కున పడిపోతాయి. మధ్యలో నవ్వుతుంది. నవ్వుతూ పాడటం మనకి కొత్త కాదు, ఎల్.ఆర్. ఈశ్వరి పాటలు వింటూ పెరిగినవాళ్లం. కానీ ఇది సరసపు నవ్వు కాదు. కూలి కోసం నవ్వే నవ్వు. రెండోసారి అదే నవ్వు మొదలై, ఏడుపు అంచుదాకా వెళ్లి వెనక్కొస్తుంది. అప్పటిదాకా సోవియట్ వేదిక మీద గాయని అంటే నిటారుగా నిలబడి, చేతులు పద్ధతిగా పెట్టుకుని పాడాలి. ఆవిడకి గ్రాండ్ ప్రీ ఇచ్చారు. రాత్రికి రాత్రి దేశమంతా తెలిసిపోయింది.

మా తాతగారి ఊళ్లో శ్రీరామనవమికి హరికథ చెప్పించేవారు. భాగవతారు ఒక్కడే, చేతిలో చిడతలు. క్షణంలో కైక, మరుక్షణం దశరథుడు. వేషం మారదు, గొంతూ మెడా మారతాయి. పుగచోవా చేసేది నా లెక్కలో అదే. అందుకే ఆవిడని గాయని, నటి అని రెండుగా రాస్తే నాకు ఒప్పదు. మూడు నిమిషాల్లో ఓ మనిషిని తీసుకొచ్చి నిలబెట్టి, పాటయ్యాక పంపించేసేది.

తమాషా ఏంటంటే, నిజంగా సినిమాలో నటించమంటే మాత్రం అంత గొప్పగా చెయ్యలేదు. 'పాడే స్త్రీ' అని అర్థం వచ్చే పేరుతో మోస్‌ఫిల్మ్ వాళ్లు 1978లో తీసిన సినిమా ఉంది, దర్శకుడు అలెక్సాందర్ అర్లోవ్. అందులో ఆవిడ పాత్ర పేరు అన్నా స్త్రెల్‌త్సొవా గానీ, ఇంచుమించు ఆవిడ కథే. మరుసటేడు హాళ్లలోకొస్తే ఐదున్నర కోట్ల మంది దాకా చూశారు. 'సోవియట్ స్క్రీన్' పత్రిక పాఠకులు ఆ ఏటి మేటి నటి అని ఓట్లేశారు. నేను హాస్టల్లో ఉండగా ఓ క్లబ్బులో చూశాను. పాట మొదలైతే చాలు తెర వెలిగేది. పాట అయిపోయి భర్తతోనో, స్నేహితురాలితోనో మాట్లాడే సీను రాగానే చలిగాలికి తలుపు తీసినట్టుండేది. మా అన్నకి నచ్చింది. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

కానీ ఆ సినిమా వెనక ఆవిడ వేసిన వేషం ఒకటుంది, అది తెరమీది దాన్ని మించింది. సినిమాకి సంగీతం అలెక్సాందర్ జత్సేపిన్, దేశంలో పేరుమోసిన సినీ సంగీత దర్శకుడు. ఈవిడకి తన సొంత బాణీలు కొన్ని దూర్చాలని ఉంది. నా పాటలివి అంటే ఎవరు పెట్టుకుంటారు? అందుకని బరీస్ గర్బనోస్ అని ఓ స్వరకర్తని పుట్టించింది. మాస్కో పక్కన ల్యూబెర్త్సీలో ఉంటాడు, పాపం కుర్రాడికి కాళ్లు పడిపోయాయి, మంచం మీదనుంచే బాణీలు కడతాడు, ఆదుకోవాలి అని చెప్పింది. జాలిపడి తీసుకున్నారు. ఫొటో కావలసొస్తే మగ సూటు తొడుక్కుని, మీసం అంటించుకుని తానే దిగింది. ఆ ఫొటో ఇప్పుడూ చూడొచ్చు, గంభీరంగా, కొంచెం దిగులుగా ఉంటాడు గర్బనోస్. సంగతి తెలిశాక జత్సేపిన్‌కి ఒళ్లుమండి సినిమా వదిలేసి వెళ్లిపోయాడు. ఆయన బాధ న్యాయమైనదే. అప్పట్లో స్వరకర్తల సంఘం సభ్యులు కానివాళ్ల పాట బయటికి రావాలంటే ఎంత కష్టమో తెలిస్తే ఈవిడ బాధా న్యాయమైనదే అనిపిస్తుంది.

రెండో భర్త అలెక్సాందర్ స్తెఫానొవిచ్ సినిమా దర్శకుడు. ఆవిడని పెట్టి 'రెసీతల్' అని మొదలుపెట్టాడు. అప్పటికే సంసారం చెడింది, సినిమా మధ్యలో ఆగిపోయింది. ఆయన అదే కథని అటూఇటూ మార్చి సఫీయా రతారూతో 'దుషా' తీసేశాడు. రతారూ అంటే ఆ రోజుల్లో పుగచోవాకి ఎదురు నిలిచిన ఏకైక పేరు. హాస్టల్లో ఉక్రెయిన్ అమ్మాయిలంతా రతారూ పార్టీ. ఈ గొడవల్లోనే 1981లో పుగచోవా గీతిస్ నాటక కళాశాల నుంచి దర్శకత్వంలో పట్టా పుచ్చుకుంది. చదువుకి కట్టిన ప్రదర్శన పేరు 'గాయని ఏకపాత్రలు'. చూశారా, ఆవిడే అంటోంది ఏకపాత్రలని.

కలీనిన్ ప్రాస్పెక్ట్‌లో 'మెలోదియా' వాళ్ల పెద్ద దుకాణం ఉండేది. రెండు రూబుళ్ల చిల్లరకి ఎల్పీ వచ్చేది. మా స్టైపెండులో అది పెద్ద బరువేం కాదు, వచ్చిన సరుకు మనం వెళ్లేదాకా ఉండటమే కష్టం. నేను పాత రెండు డిస్కుల ఆల్బమ్ 'జెర్కల దుషీ' ఓ సీనియర్ ఊరికి వెళ్తూ అమ్మితే కొన్నాను. 1984లో 'డిస్కో డాన్సర్' వచ్చాక మాకు కొత్త మారకం దొరికింది. రష్యన్ అమ్మాయిలు మిథున్ పాటలు రష్యన్ లిపిలో రాసిపెట్టమని వెంటపడేవాళ్లు. మేం తెలుగువాళ్లం, హిందీ కూడా మాకు స్కూలు హిందీయే అని చెప్తే వినేవాళ్లు కాదు. సరే, జిమ్మీ పాట రాసిచ్చి బదులుగా పుగచోవా పాటల మాటలు రాయించుకునేవాణ్ణి. నా రష్యన్‌లో సగం అలా వచ్చిందే. 'ఐస్‌బెర్గ్' పాట రాసిచ్చిన అమ్మాయి కింద బ్రాకెట్లో "ఇది నీలాంటి వాళ్ల గురించే" అని రాసింది. ఎందుకు రాసిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణు ప్రమాదం. మే 30న ఒలింపీస్కీ స్టేడియంలో 'ఖాతా నంబరు 904' పేరుతో బాధితుల కోసం కచేరీ జరిగింది. అధికారుల ఏర్పాటు కాదది. రాక్ సంగీత విమర్శకుడు అర్తేమీ త్రోయిత్స్కీ, పుగచోవా పూనుకుని, బ్రావో, అవ్తోగ్రాఫ్, క్రూయిజ్ లాంటి బృందాల్ని పోగుచేసి పెట్టింది. ఆ సెప్టెంబరులో ఆవిడ చెర్నోబిల్ దగ్గర జెల్యోనీ మీస్‌కి వెళ్లి రేడియేషన్ శుభ్రం చేస్తున్నవాళ్ల ముందు పాడింది. మా క్లాస్‌మేట్ ఒకతని అన్నయ్య ఆ పనిలో ఉన్నాడు. "ఏం పాడింది?" అని అడిగితే, "ఏం పాడిందో ఎవడికి గుర్తు? వచ్చింది" అన్నాడట.

నేను చదువు ముగించుకుని వచ్చేశాను. తర్వాతదంతా దూరం నుంచి విన్నదే. 1991 డిసెంబరులో, దేశం ఇంకొన్ని రోజుల్లో ఉండదనగా, ఆవిడకి 'సోవియట్ యూనియన్ ప్రజా కళాకారిణి' బిరుదిచ్చారు. ఇచ్చిన దేశం ఆ నెలాఖరుకి లేదు. తొంభైల్లో అల్లా పేరుతో సెంటు, అల్లా పేరుతో చెప్పులు, అల్లా పేరుతో పత్రిక, తర్వాత ఆవిడ పేరుతోనే రేడియో. వీటి గురించి నేను చెప్పేదేం లేదు. చెప్పులు మా క్లాస్‌మేట్ భార్య కొనుక్కుంది, బాగానే మన్నాయంది. 1997లో డబ్లిన్‌లో యూరోవిజన్ పాటల పోటీకి వెళ్లి 'ప్రిమదోన్నా' పాడితే పదిహేనో స్థానం వచ్చింది. ఐరోపాకి అర్థం కాలేదని రష్యన్లు అన్నారు. నాకు మాత్రం ఆ పాటలో మనిషి కనిపించలేదు. ప్రిమదోన్నా ప్రిమదోన్నాగా వచ్చి పాడింది, అంతే. అంతకు రెండేళ్లు అటూఇటూగా వచ్చిన 'నస్తయాష్షీ పల్కోవ్నిక్' పాట వినండి. కల్నల్‌గారు దొరికాడని మురిసిపోయే మధ్యవయసు ఆడమనిషి ఆవిడ. చివరికి వాడు కల్నలూ కాదు, కాకరకాయా కాదు, జైలుపక్షి అని తేలుతుంది. గొంతు బొంగురుపోయి, సిగరెట్లతో పాడైపోయి ఉంది అప్పటికే. ఆ పాడైన గొంతే ఆ పాత్రకి సరిపోయింది.

సినిమా నటిగా ఆవిడ నన్ను నిజంగా మెప్పించింది యాభై దాటాకే. ఉక్రెయిన్ రచయిత మిహాయ్‌లో స్తరీత్స్కీ పాత ప్రహసనం 'రెండు కుందేళ్ల వెనక' ఆధారంగా 2003లో ఓ టీవీ మ్యూజికల్ తీశారు. డబ్బున్న, అందం లేని, పెళ్లి పిచ్చి పట్టిన అమ్మాయి ప్రోన్యా పాత్ర ఈవిడది. ఆ కట్నం కోసం వెంటపడే మంగలి కుర్రాడు మక్సీం గాల్కిన్. తనకంటే ఇరవయ్యేడేళ్లు చిన్న. బయట కూడా జనం వీళ్లిద్దరి గురించి అదేపనిగా గుసగుసలాడుకుంటున్న రోజులు. ఊరంతా ఏమనుకుంటోందో దాన్నే వేషంగా కట్టి ఊరి ముందు నవ్వుతూ ఆడింది. 2011లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు, 2013లో కవల పిల్లలు.

2022లో గాల్కిన్ ఉక్రెయిన్ మీద యుద్ధాన్ని తప్పుబడితే ప్రభుత్వం ఆయన్ని 'విదేశీ ఏజెంటు' జాబితాలో వేసింది. సెప్టెంబరులో ఆవిడ ఇన్‌స్టాగ్రామ్‌లో, నన్నూ నా భర్త పక్కనే ఆ జాబితాలో చేర్చండి అని న్యాయశాఖని అడుగుతూ రాసింది. ఎండమావుల్లాంటి లక్ష్యాల కోసం మన కుర్రాళ్లు చచ్చిపోవడం ఆగాలని కూడా రాసింది. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు రణరంగమే. ఒకాయన గ్రూపు వదిలి వెళ్లిపోయాడు, మళ్లీ చేర్చుకోవడానికి మూడు దేశాల వాళ్లు బతిమాలాల్సొచ్చింది. చేర్చాక ఆయన పెట్టిన మొదటి మెసేజ్, మీసాలతో ఉన్న గర్బనోస్ ఫొటో. ఎటువైపు మాట్లాడినట్టో ఎవరికీ తెలీలేదు.

కొత్తగా విందామనుకునేవాళ్లు అడుగుతుంటారు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలని. ముందు బల్గేరియా 'అర్లెకీనో', నలుపు తెలుపుదైనా సరే, వినడం కాదు చూడాలి. వెంటనే 'ఇరోనియా సుద్బీ'లో త్స్వెతాయెవా పాట, కళ్లు మూసుకుని. తర్వాత 'మాయెస్త్రో', అందులో పౌల్స్ పియానో దగ్గర కూర్చుని ఉంటాడు, ఆవిడ పాడుతూ ఆయన్ని ఎలా చూస్తుందో గమనించండి. గులాబీల పాట ఎలాగూ వింటారు. యూరోవిజన్‌ది చివరికి ఉంచుకోండి, తీరిక లేకపోతే మానెయ్యండి.